అంబలి సంగతి తర్వాత, ముందు ఆ బిళ్ళ సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మకి 48 ఏళ్లు. మాది పలాస దగ్గర పల్లె. అమ్మ జీడిపిక్కలు కోసే పనికి వెళ్తుంది. మూడు నెలల క్రితం పరీక్ష చేయిస్తే షుగర్ పరగడుపున 172, తిన్నాక 268 వచ్చింది. అప్పటి నుంచి అన్నం పూర్తిగా మానేసి పొద్దున, రాత్రి చోడి (రాగి) అంబలి తాగుతోంది. మధ్యాహ్నం రెండు పుల్కాలు. నాలుగు కిలోలు తగ్గింది. మా పెదనాన్నకి పదేళ్లుగా షుగర్. ఆయన వాడే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళే అమ్మ కూడా అప్పటి నుంచే ఆయన దగ్గర తీసుకుని రోజూ పొద్దున ఒకటి వేసుకుంటోంది. ఒక్కోసారి పదకొండు గంటల వేళ చేతులు వణికి చెమటలు పడుతున్నాయి, బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే తగ్గిపోతోంది. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఇచ్చే బిళ్ళలు అప్పుడప్పుడు వాడుతుంది. చోడి అంబలి మూడు పూటలా తాగొచ్చా? మామిడి పళ్ళు, ముంజెలు తినొచ్చా? తిండితోనే షుగర్ పూర్తిగా పోతుందా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చూడమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మూడూ తిండి గురించే. చెబుతాను. కానీ ఉత్తరం చదువుతుంటే నా చూపు ఆగింది మాత్రం ఆ పదకొండు గంటల దగ్గర. చేతులు వణకడం, చెమటలు, బెల్లం ముక్కతో తగ్గిపోవడం. మీరు దాన్ని మామూలు నీరసం లెక్కన ఒక్క ముక్కలో రాసేసి మామిడి పళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ సమయంలో వేలు గుచ్చి చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు చూస్తే షుగర్ పడిపోతున్నట్టే ఉంది. 70 కంటే కిందకి వచ్చినప్పుడు చాలామందికి ఇలాగే అవుతుంది. పెరిగిన షుగర్ ఏళ్ల తరబడి లోపల్లోపల తినేస్తుంది. పడిపోయిన షుగర్‌కి అంత ఓపిక ఉండదు, నిమిషాల్లో మనిషిని కూలదోస్తుంది. పైగా మీ అమ్మగారు కూర్చునేది పిక్కలు కోసే మిషను ముందు. కళ్ళు బైర్లు కమ్మి చెయ్యి జారితే ఏమవుతుందో పలాస వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ బిళ్ళలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ అంతగా పడిపోదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నారా, పస్తున్నారా అని చూడదు, ప్యాంక్రియాస్ చేత, షుగర్‌ని దించే ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఆ డోసు మీ పెదనాన్న గారి కోసం రాసింది. పదేళ్ల షుగర్, ఆయన బరువు, ఆయన తిండి, ఆయన పరీక్షలు చూసి ఎవరో డాక్టరు రాశారు. అదే బిళ్ళని షుగర్ బయటపడి మూడు నెలలే అయిన, అన్నం మానేసి గ్లాసుడు అంబలితో పనికి పోయే మనిషి వేసుకుంటోంది. తిండి తగ్గించిన రోజునే మందు ఎంత ఉండాలో ఎవరైనా చూడాలి కదా. మీ ఇంట్లో ఆ చూసేవాళ్ళే లేకపోయారు.

కాబట్టి రేపు పొద్దున ఆ బిళ్ళ వేసుకోకుండా, చీటీలన్నీ పట్టుకుని అమ్మని దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకో, ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. ఇది ఆమెకి రాసిన మందు కాదు కాబట్టి ఈ మాట అంటున్నాను. డాక్టరు రాసిచ్చిన మందు వాడుతున్నవాళ్ళు ఇది చదివి తమ మందు మానేయకండి. ఈలోగా మళ్ళీ వణుకు వస్తే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి చూడండి, తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. తగ్గాక ఏదైనా తినిపించాలి. ఈ మందు ప్రభావం ఒక్కోసారి రోజంతా ఉంటుంది, అందుకే ‘బెల్లంతో తగ్గిపోయింది’ అని వదిలేయకూడదు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

కోప్పడుతున్నానని అనుకోకండి గానీ, మన జిల్లాల్లో బిళ్ళలు కూడా చేబదులు సరుకే అయిపోయాయి. పక్కింట్లో పంచదార అడిగినట్టు షుగర్ బిళ్ళ అడిగి తెచ్చుకుంటారు. మొన్న చీపురుపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లోంచి బల్ల మీద అన్నీ గుమ్మరించారు. మెడికల్ షాపులో కత్తెరతో ఐదేసి, ఆరేసి కత్తిరించి ఇచ్చిన ముక్కలు. పేరున్న అంచు షాపులోనే ఉండిపోయింది, ఈయన దగ్గర వెండి రేకు మిగిలింది. రంగు బట్టి, ఆకారం బట్టి ఏది ఏమిటో పోల్చుకోవడానికి మా నర్సుకి పావుగంట పట్టింది. చివరికి తేలిందేమిటంటే, రెండు వేరే కంపెనీ పేర్లతో ఒకటే మందు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతున్నారు. ఒకటి బావమరిది ఇచ్చింది, ఒకటి షాపాయన ఇచ్చింది. ‘రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయి, ఉక్క వల్లేమో’ అన్నారాయన. బయట పుష్యమాసపు చలి.

ఇక మోకాళ్ల బిళ్ళలు. అవి ఏమిటో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటివి అయితే కిడ్నీకి మంచివి కావు, షుగర్ ఉన్నవాళ్ళకి మరీనూ. మీది పలాస వైపు అంటే ఉద్దానం పక్కనే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ళలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. అక్కడ చాలామందికి షుగర్ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి, కారణం ఇదీ అని ఈనాటికీ గట్టిగా తేలలేదు. అలాంటి చోట షుగర్ కూడా ఉండి, పైన నొప్పి బిళ్ళలు కూడా పడితే నాకు భయమే. కిడ్నీ పనితీరు తగ్గితే గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి సరిగా పోదు, షుగర్ ఇంకా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ కూడా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఇవ్వం. అంటే మీ అమ్మగారికి ఏ బిళ్ళ ఇవ్వాలో తేల్చడానికి ముందు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు కావాలి. మూడు నెలలైంది, ఒక్కటీ చేయించినట్టు లేదు. తేడా కనిపిస్తే చూపించడానికి ఇప్పుడు విశాఖ పరుగెత్తక్కర్లేదు, పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు నుంచి ఉంది.

ఇప్పుడు అంబలి. చోళ్ళు మంచివే, నేను కాదనను. కానీ ‘చోడి అంబలి తాగితే షుగర్ రాదు’ అన్న మాట ఎవరు పుట్టించారో గానీ నా ఓపీలో రోజూ వింటున్నాను. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పిండి పదార్థం దాదాపు 78 గ్రాములుంటే, చోళ్ళలో దాదాపు 67 ఉంటుంది. తేడా అంతే. చోళ్ళ గొప్పతనం పీచులో ఉంది, కాల్షియంలో ఉంది. బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేని చోట చోళ్ళలో పదకొండు ఉంటుంది. అయితే ఆ చోళ్ళని మెత్తగా మర పట్టించి, గంట ఉడికించి, జారుగా చేసి గటగటా తాగితే, నమిలే పనీ లేదు, కడుపుకి అరిగించే కష్టమూ లేదు. ఆ పిండి త్వరగా రక్తంలోకి వచ్చేస్తుంది, తర్వాత త్వరగా ఆకలీ వేస్తుంది. పొద్దున ఆరింటికి అంబలి తాగి, ఏడింటికి పనిలో కూర్చుని, పదకొండింటికి వణకడంలో ఈ అంబలి వాటా కూడా ఉంది.

మూడు పూటలా వద్దు. ఒక పూట చాలు. అది కూడా పలచగా లోటాలకి లోటాలు తాగకుండా, గట్టి మజ్జిగ కలిపి ఒక గ్లాసు. పక్కన ఉడికించిన గుడ్డు గానీ, గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు గానీ ఉండాలి. అదే పిండితో ఉల్లిపాయ, ములగాకు వేసి రొట్టె కాల్చుకుంటే ఇంకా నయం, నమిలి తింటారు కాబట్టి. మధ్యాహ్నం అన్నం పూర్తిగా మానేయమని నేను అనను. మూడు నెలలు బిగబట్టి, నాలుగో నెల పెళ్లి భోజనంలో కట్టలు తెంచుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఒక కప్పు అన్నం పెట్టుకోండి. కానీ కంచంలో ముందు పడేది అన్నం కాకూడదు. ఆనపకాయో, చిక్కుడో, తోటకూరో ముందు సగం కంచం పెట్టుకుని అది తినడం మొదలుపెట్టాలి. తర్వాత పప్పో, చేపో. అన్నం చివర్లో. తినేది అదే అయినా ఈ వరసలో తింటే భోజనం తర్వాత షుగర్ పెరగడం కొంత తగ్గుతుంది. మనవాళ్ళు కొండంత అన్నం పెట్టుకుని, దాని నెత్తి మీద చెంచాడు కూర వేసుకుంటారు. అదే తిరగబడాలి.

ఇంకో మాట. మన వంటల్లో పులుసులో బెల్లం, పప్పులో బెల్లం, ఆఖరికి గుమ్మడికాయ కూరలోనూ బెల్లం. నేనూ ఈ నీళ్ళు తాగినవాడినే, ఆ రుచి ఎలాంటిదో తెలుసు. అన్నం మానేశాం అని చెప్పేవాళ్ళు ఈ బెల్లం లెక్క చెప్పరు. టీ లెక్కా చెప్పరు. పని దగ్గర అమ్మ రోజుకి ఎన్ని టీలు తాగుతారో అడగండి. నాలుగు టీలకి రెండేసి చెంచాలంటే ఎనిమిది చెంచాల పంచదార అక్కడే అయిపోయింది.

కొబ్బరి నీళ్ళు ‘చలవ’ అని రోజూ తాగుతున్నారా? మీ వైపు చెట్టు ఇంటి ముందే ఉంటుంది. కిడ్నీ పరీక్ష వచ్చేదాకా ఆపండి. కిడ్నీ సరిగా లేనివాళ్ళకి అందులోని పొటాషియం ప్రమాదం. పప్పులు, గుడ్లు ఎంత తినాలన్నది కూడా ఆ రిపోర్టు చూశాక మీ డాక్టరు మార్చవచ్చు.

మామిడి పండు: రెండు ముక్కలు, పగటి పూట, ఆ పూట అన్నం తగ్గించి. రసం తీయొద్దు. లేత ముంజెలు రెండు మూడు తింటే కొంప మునగదు. దాచాల్సింది భీమాలి తాండ్ర డబ్బాని.

తిండితోనే పూర్తిగా పోతుందా అన్నారు. ‘పోతుంది’ అనే మాట నేను వాడను. కొందరిలో మందు లేకుండా అదుపులో ఉంటుంది, అది నిజం. బ్రిటన్‌లో చేసిన డైరెక్ట్ అనే అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్లలోపు ఉన్నవాళ్ళకి తిండి బాగా తగ్గించి బరువు దించితే, ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్ హద్దులో ఉంచుకోగలిగారు. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి సాధ్యమైంది. యూట్యూబులో చెప్పేవాళ్ళు ఇంతవరకే చెబుతారు. ఆ అధ్యయనంలో తిండి తగ్గించిన మొదటి రోజే డాక్టర్లు షుగర్ బిళ్ళలు ఆపేశారు, ఆపైన దగ్గరుండి చూసుకున్నారు. మీ ఇంట్లో తిండి తగ్గించిన రోజే బిళ్ళ మొదలుపెట్టారు.

నాలుగు కిలోలు తగ్గడం కూడా తిండి మార్పు వల్లేనని ఇప్పుడే సంబరపడొద్దు. షుగర్ అదుపులో లేకపోయినా మనిషి చిక్కిపోతారు. అమ్మ బరువు ఎంతో, ఎత్తు ఎంతో, నడుము కొలత ఎంతో మీరు రాయలేదు. 80 సెంటీమీటర్లు దాటిన నడుము ఉంటే ఇంకా తగ్గాలి, లేకపోతే ఈ తగ్గడం గురించి ఆలోచించాలి. దాహం, మాటిమాటికీ మూత్రం ఎక్కువైనా, వాంతులు మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

పరీక్షలకి వెళ్ళినప్పుడు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. రక్తం తక్కువగా ఉంటే ఆ మూడు నెలల సగటు తప్పు చెప్పవచ్చు, మన ఆడవాళ్ళలో రక్తం తక్కువ ఉన్నవాళ్ళే ఎక్కువ. బీపీ, కళ్ళు, పాదాలు కూడా చూపించండి. పాదాల్లో తిమ్మిర్లున్నాయా అని మీరే అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మీ వయసు రాయలేదు. అమ్మకి, పెదనాన్నకి షుగర్ ఉంది కాబట్టి ఆ రోజే మీరూ పరగడుపున ఒకసారి చూపించుకోండి. 100 నుంచి 125 మధ్య వస్తే జబ్బు గుమ్మం దగ్గర ఉన్నట్టు. ఆ దశలో తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగర్‌గా ముదరడం 28 శాతం పైగా తగ్గిందని 2006లోనే చెన్నై డాక్టర్లు మన భారతీయుల మీదే చేసి చూపించారు.

మనిషిని చూడకుండా, ఉత్తరం చదివి రాసిన జవాబు ఇది. మీ డాక్టరు పరీక్ష చేసి వేరేలా చెబితే ఆయన మాటే వినండి. వెళ్ళేటప్పుడు బిళ్ళల పట్టీ పేరు కనిపించేలా తీసుకెళ్లండి, మోకాళ్ల బిళ్ళలతో సహా. పెదనాన్న గారిని కూడా వెంట తీసుకెళ్తే మంచిది. ఆయనకి నెలకి ముప్పై బిళ్ళలు రాసి ఉంటారు. మూడు నెలలుగా రోజూ ఒకటి అమ్మకి ఇస్తున్నారు కదా, మరి ఆయన ఏ రోజులు మానేస్తున్నారో అడిగారా?

- జనరల్ ఫిజీషియన్, శ్రీకాకుళం