హబుల్ ఫొటోలో చందమామ ఎందుకు పట్టదు?

పోయిన నెల అంతరిక్షంలో ఉన్న యూక్లిడ్ టెలిస్కోప్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, మెయిళ్లు వచ్చిపడ్డాయి. సగానికి పైగా ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి: ఆకాశాన్ని వెడల్పుగా ఫొటో తీయడం అంత కష్టమా అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి అవే తీసుకున్నాను.

ప్రశ్న: హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌లో ఉన్న కెమెరా పేరే ‘వైడ్ ఫీల్డ్ కెమెరా 3’. మీరేమో హబుల్ చూపు చాలా ఇరుకు అని రాశారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఆ పేరు పెట్టినవాళ్లు దాని పక్కనున్న మిగతా పరికరాలతో పోల్చి వైడ్ అన్నారు, అంతే. చందమామతో కొలిస్తే సంగతి తేలిపోతుంది. ఆకాశంలో నిండు చందమామ వెడల్పు సుమారు అర డిగ్రీ. చేయి బారచాచి చిటికెన వేలు నిలబెడితే ఆ వేలి వెడల్పు ఒక డిగ్రీ ఉంటుంది, అంటే చందమామ దాని వెనక హాయిగా దాక్కుంటుంది (నమ్మబుద్ధి కాకపోతే పౌర్ణమి నాడు మీరే చూడండి, అందరూ చందమామ ఇంకా చాలా పెద్దదనే అనుకుంటారు). హబుల్‌లోని ఈ కెమెరాకు ఒక్కసారికి కనబడేది డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా కాదు. అదే చాచిన చేతిలో సన్న ఉప్పురవ్వ ఒకటి పట్టుకుంటే అది ఎంత ఆకాశాన్ని కప్పుతుందో అంత. చందమామ మొత్తం రావాలంటే దగ్గర దగ్గర వంద ఫొటోలు తీసి పక్కపక్కన అతికించాలి.

కారణం దాని ఫోకల్ లెంగ్త్ (అది ఎంత ఎక్కువుంటే లోపల బొమ్మ అంత పెద్దగా పడుతుంది). హబుల్ అద్దం 2.4 మీటర్లు, ఫోకల్ లెంగ్త్ 57.6 మీటర్లు. ఆ లెక్కన ఫోకస్ దగ్గర చందమామ బొమ్మే అర మీటరు వెడల్పున పడుతుంది, కెమెరా సెన్సార్ చూస్తే ఆరు సెంటీమీటర్లు. పట్టమంటే ఎలా పడుతుంది? ఇది లోపం కాదు, చిన్న ముక్కను బాగా లోతుగా, పదునుగా చూడాలని కావాలనే అలా కట్టారు. 2004లో విడుదలైన అల్ట్రా డీప్ ఫీల్డ్ ఫొటో ఆకాశంలో కోటీ ముప్పై లక్షల వంతుల్లో ఒక వంతు మాత్రమే, అందులోనే పదివేల గెలాక్సీలు బయటపడ్డాయి. అయితే ఆ ముక్క మామూలు చోటో, ఎక్కడా లేని ప్రత్యేకమైన చోటో తెలియాలంటే పక్క ముక్కలు కూడా చూడాలిగా. తలుపు సందులోంచి తిరునాళ్లు చూసి ఎంతమంది జనం వచ్చారో చెప్పమన్నట్టుంటుంది హబుల్ పరిస్థితి.

ప్రశ్న: మరి పెద్ద సెన్సార్ పెట్టేస్తే సరిపోదా? ఇన్నేళ్లుగా ఆ మాత్రం తట్టలేదా వాళ్లకి?

తట్టింది. సెన్సార్ ఎంత పెద్దది పెట్టినా దాని మీద పడే బొమ్మ అంచుల దాకా బాగుండాలి కదా, చిక్కంతా అక్కడే. పారాబొలా ఆకారంలో చెక్కిన అద్దం సరిగ్గా మధ్యలో ఉన్న చుక్కను సూదిమొనలా చూపిస్తుంది. మధ్య నుంచి పక్కకు జరిగేకొద్దీ అదే చుక్కకు తోక మొలుస్తుంది, ఇంకా జరిగితే కొంగ ఎగురుతున్నట్టు రెక్కలు కూడా వస్తాయి. ఈ తోక దోషాన్ని కోమా అంటారు. అది చాలదన్నట్టు ఇంకో గొడవ: అద్దం ఇచ్చే బొమ్మ పలక మీద పడ్డట్టు బల్లపరుపుగా పడదు, గిన్నె అడుగులా వంపుగా పడుతుంది, సెన్సార్ ఏమో చదునుగా ఉంటుంది. మధ్యలో ఫోకస్ కుదిరితే అంచులు మసక, అంచులకు కుదిరిస్తే మధ్య మసక.

దీన్ని మొదట గట్టిగా పట్టుకున్న మనిషి ఎస్తోనియాలో పుట్టిన బెర్న్‌హార్డ్ ష్మిట్. చిన్నప్పుడు మందుగుండుతో ప్రయోగాలు చేస్తూ కుడిచేయి పోగొట్టుకున్నాడు, మిగిలిన ఒక్క చేత్తోనే అద్దాలు సానపట్టేవాడు. అద్దాన్ని పారాబొలాలా కాకుండా మామూలు గోళంలో ముక్కలా చెక్కేసి, దానివల్ల వచ్చే మసకను సరిచేయడానికి ముందు ఒక పల్చటి గాజు పలక పెట్టాలన్నది అతని ఆలోచన. గోళానికి ఇటు అటు అన్న తేడా లేదు కాబట్టి మధ్య చుక్కైనా అంచు చుక్కైనా ఒకేలా కనిపిస్తుంది. ఆ గాజు పలకకు కావలసిన వంపు మాత్రం మహా వింతగా ఉంటుంది, మధ్యలో కొంచెం ఉబ్బి, తర్వాత లోపలికి పోయి, మళ్లీ అంచుల దగ్గర లేస్తుంది. దాన్ని చేత్తో చెక్కడం దాదాపు అసాధ్యం. ష్మిట్ ఏం చేశాడంటే, పలకను ఒక పాత్ర మూతి మీద పెట్టి లోపలి గాలి లాగేశాడు. గాజు సన్నగా కిందికి వంగింది. వంగి ఉండగానే పైభాగాన్ని తేలికైన మామూలు వంపుతో సానపట్టి, గాలి వదిలేశాడు. గాజు మళ్లీ లేచి నిలబడేసరికి కావలసిన వింత వంపు దానంతట అదే వచ్చేసింది. 1930లో హాంబర్గ్ దగ్గర ఈ కెమెరా తయారైంది. నా మటుకు నాకు టెలిస్కోపుల చరిత్రలో ఇంతకంటే ముచ్చటైన ఉపాయం ఇంకోటి లేదు.

వంపుగా పడే బొమ్మ సంగతి ష్మిట్ కెమెరాలోనూ తీరలేదు. అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో ఇదే పద్ధతిలో కట్టిన 48 అంగుళాల టెలిస్కోప్‌తో 1949లో ఆకాశంలో చాలా భాగాన్ని ఫొటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు, 14 అంగుళాల గాజు ఫొటో ప్లేట్లను ఆ వంపుకు తగ్గట్టు హోల్డర్‌లో బిగించి వంచేవాళ్లు. ఒక్కో ప్లేటు మీద ఆరున్నర డిగ్రీల ఆకాశం, అంటే పదమూడు చందమామలు వరసగా పేర్చినంత వెడల్పు. సిలికాన్ చిప్‌ను అలా వంచడం అంత తేలిక కాదు. అందుకే 2009లో అంతరిక్షంలోకి వెళ్లిన కెప్లర్ టెలిస్కోప్‌లో (అదీ ష్మిట్ రకమే) 42 చిప్‌లను వంపు వెంబడి టైల్స్ పేర్చినట్టు పేర్చి, వాటి ముందు బొమ్మను చదును చేసే నీలమణి కటకాలు పెట్టారు. దాని చూపు 115 చదరపు డిగ్రీలు, చందమామలైతే ఐదు వందలకు పైనే పడతాయి.

ఇప్పటి టెలిస్కోపులు మూడు వంపు అద్దాల దారి పట్టాయి. రెండు అద్దాలతో సరిచేయలేని దోషాలను మూడోది సరిచేస్తుంది, ముందు గాజు పలక అక్కర్లేదు. యూక్లిడ్, నాసా వారి రోమన్ టెలిస్కోప్ రెండూ ఇదే తరహా.

ప్రశ్న: రోమన్ టెలిస్కోప్ అద్దం కూడా హబుల్ అద్దమంతే అంటున్నారు. అయినా వంద రెట్లు ఎక్కువ చూస్తుందట. ఏదో ఒకటి నష్టపోకుండా అంత లాభం ఎలా వస్తుంది?

అనుమానం సరైనదే. అద్దం నిజంగానే అదే 2.4 మీటర్లు. 2012లో అమెరికా నిఘా ఉపగ్రహాల సంస్థ తన దగ్గర వాడకుండా పడి ఉన్న టెలిస్కోప్ సరంజామాను నాసాకు ఇచ్చేసింది, దానిలోదే ఈ అద్దం. నాసాలో ఖగోళ విభాగానికి మొట్టమొదటి అధిపతి, హబుల్ రావడానికి ముఖ్య కారకురాలు అయిన నాన్సీ గ్రేస్ రోమన్ పేరును 2020లో దీనికి పెట్టారు. 2027 మే లోపు ప్రయోగించాలన్నది లక్ష్యం.

తేడా రెండు చోట్ల ఉంది. హబుల్ ఎఫ్ నంబర్ (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 24, రోమన్‌ది 8 దగ్గర, అంటే ఫోకల్ లెంగ్త్ మూడో వంతుకు పడిపోయింది, బొమ్మ చిన్నదైంది, అదే జాగాలో ఎక్కువ ఆకాశం పడుతుంది. రెండోది, ఒక్కోటి 4096కి 4096 పిక్సెళ్ల చిప్‌లు 18 పెట్టారు, మొత్తం 30 కోట్ల పిక్సెళ్లు. ఒక్క ఫొటోలో 0.28 చదరపు డిగ్రీలు, నిండు చందమామ కన్నా కాస్త ఎక్కువే.

నష్టం ఏమిటంటే, హబుల్ మామూలు కాంతిలో తీసే ఫొటోల్లో ఒక పిక్సెల్ చూసే ముక్క కంటే రోమన్ పిక్సెల్ చూసే ముక్క వెడల్పులో దాదాపు మూడింతలు పెద్దది. పదును కొంత తగ్గుతుందన్నమాట. టెలిస్కోప్‌ను పిక్సెల్‌లో సగమో పావో పక్కకు కదుపుతూ నాలుగైదు ఫొటోలు తీసి కలుపుకుని అందులో కొంత వెనక్కి రాబట్టుకుంటారు. హబుల్‌కు కనిపించే అతినీలలోహిత కాంతి రోమన్‌కు కనిపించదు. ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం పదును హబుల్‌కు ఏమీ తీసిపోదు, ఒక్కసారికి చూసే ఆకాశం రెండు వందల రెట్లు. నేనైతే ఇది మంచి బేరమే అంటాను.

ప్రశ్న: యూక్లిడ్ ఆకాశంలో మూడో వంతు చూస్తుందని రాశారు. ఒక్క ఫొటోలోనా?

అయ్యో, కాదండీ. నేను రాసిన తీరే అలా ఉంది, తప్పు నాదే. ఒక్క ఫొటోకు అర చదరపు డిగ్రీ, మొత్తం 14 వేల చదరపు డిగ్రీలు, దానికి ఆరేళ్లు. అంటే ఇరవై ఎనిమిది వేల చోట్ల ఆగి ఆగి తీయాలి. మిగతా ఆకాశం ఎందుకు వదిలేశారంటే, అక్కడ మన పాలపుంత చుక్కలు, సూర్యుడి చుట్టూ ఉన్న ధూళి వెలుగు అడ్డం వస్తాయి.

ప్రశ్న: ఇన్నేసి గెలాక్సీల ఫొటోలు తీసి ఏం చేసుకుంటారు? వాటన్నిటినీ కూర్చుని చూసేదెవరు?

విడివిడిగా చూడటానికి కాదు, లెక్కకు. దూరంగా ఉన్న గెలాక్సీ వెలుగు మనదాకా వచ్చే దారిలో డార్క్ మేటర్ (కంటికి కనబడని, బరువు వల్ల మాత్రమే తెలిసే పదార్థం) ఉంటే కొంచెం వంగుతుంది, గెలాక్సీ ఆకారం ఒక శాతమో అంతకన్నా తక్కువో సాగుతుంది. గెలాక్సీలు పుట్టుకతోనే రకరకాల ఆకారాల్లో ఉంటాయి కాబట్టి ఒక్కదాన్ని చూసి అది సాగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక చెట్టు వంగి ఉంటే అది దాని పెరుగుదల కావచ్చు, తోటంతా ఒకే వైపు వంగితే గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. ఆ తోట కోసమే ఇంత వెడల్పు. ఇక్కడ పై జవాబు మళ్లీ గుర్తు చేసుకోవాలి: టెలిస్కోప్ కూడా అంచుల దగ్గర గెలాక్సీలను సాగదీస్తుంది కదా! అందుకే ఫొటోలో ప్రతి మూలా చుక్క ఏ ఆకారంలో పడుతోందో ముందే అతి జాగ్రత్తగా కొలిచి, ఆ వంకరను తీసేశాకే గెలాక్సీల జోలికి వెళతారు. నేల మీద ఈ పని ఇంకా కష్టం, గాలి వల్ల చుక్కలు మసకబారతాయి. చిలీలోని రూబిన్ టెలిస్కోప్ ఒక్క ఫొటోలో యూక్లిడ్‌కు దాదాపు ఇరవై రెట్ల ఆకాశం చూస్తుంది, కానీ ఆ పదును రాదు.

డేటా సంగతికొస్తే, రూబిన్ కెమెరా 320 కోట్ల పిక్సెళ్లది, ఒక్క రాత్రికి సుమారు 20 టెరాబైట్లు పోగవుతాయి. నేల మీద కాబట్టి కేబుల్ వేసి లాగేస్తారు. పైన ఉన్నవాటికి ఆ వీలు లేదు. కెప్లర్ అయితే ఎంచుకున్న లక్షన్నర చుక్కల చుట్టూ ఉన్న పిక్సెళ్లు మాత్రమే ఉంచుకుని మిగతావి అక్కడే పారేసేది! అలా పారేస్తూనే వేరే చుక్కల చుట్టూ తిరిగే 2,600కు పైగా గ్రహాలను పట్టింది. చూసే పని ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌దే. మనుషుల కళ్లూ అవసరమే, యూక్లిడ్ తీసిన గెలాక్సీల ఆకారాలను గుర్తుపట్టే పనిని 2024లో గెలాక్సీ జూ అనే వెబ్‌సైట్ ద్వారా మామూలు జనానికే ఇచ్చారు.

ప్రశ్న: నా కెమెరాకు 20 ఎంఎం లెన్స్ పెట్టి పాలపుంత తీస్తే మధ్యలో బాగుంది, మూలల్లో చుక్కలకు రెక్కలొస్తున్నాయి. 25 సెకన్లు ఇచ్చాను. లెన్స్ పాడైందా?

పాడవలేదు. మూలల్లో రెక్కలు వస్తే అది పైన చెప్పిన దోషమే, ఎఫ్ 1.8లో తీసి ఉంటారు, 2.8కో 4కో దించండి, చాలావరకు పోతుంది. చుక్కలన్నీ ఒకే వైపు గీతల్లా సాగితే మాత్రం అది భూమి తిరగడం వల్ల. ఐదు వందలను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే పాత సూత్రం ప్రకారం మీ 25 సెకన్లు కరెక్టే, కానీ అది ఫిల్మ్ కాలం నాటి లెక్క. ఆరు మైక్రాన్ల పిక్సెల్, 20 ఎంఎం లెన్స్ అయితే చుక్క నాలుగు సెకన్లకు ఒక పిక్సెల్ దాటుతుంది, 25 సెకన్లకు ఆరు పిక్సెళ్లు. పది, పన్నెండు సెకన్లవి ఎక్కువ తీసి కలుపుకోండి.

ప్రశ్న: కొత్తగా టెలిస్కోప్ కొన్నాను (ఫోకల్ లెంగ్త్ 1000 ఎంఎం). ఆండ్రోమెడా గెలాక్సీ అందులో ఉత్త మబ్బు మరకలా కనిపిస్తోంది. బైనాక్యులర్‌లోనే నయం. నన్ను మోసం చేశారా?

ఎవరూ మోసం చేయలేదు. మీరు 10 ఎంఎం ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టి ఉంటారు. అప్పుడు వంద రెట్లు పెద్దగా కనిపిస్తుంది, కనిపించే ఆకాశం అర డిగ్రీకి మించదు. ఆండ్రోమెడా మూడు డిగ్రీలకు పైనే ఉంటుంది, ఆరు చందమామలంత, మీకు కనబడిన మరక దాని నడిబొడ్డు మాత్రమే. హబుల్‌కూ ఇదే తిప్పలు: ఆ గెలాక్సీలో మూడో వంతు కోసం 411 చోట్ల గురిపెట్టాల్సి వచ్చింది, మొత్తం గెలాక్సీ చిత్రం 2025 జనవరిలో బయటికొచ్చింది, సుమారు 600 ముక్కలు అతికించి, పదేళ్లకు పైగా పట్టింది. మీకు అంత అవసరం లేదు. 25 ఎంఎం ఐపీస్ మార్చండి, డిగ్రీ పైన కనిపిస్తుంది. అయినా అంచులు అందవు. చీకటి రాత్రి, ఊరి దీపాలకు దూరంగా, ఏడు డిగ్రీల దాకా చూపించే మీ బైనాక్యులరే తీయండి.