అకాడమీ హామీపత్రంపై సంతకం చేస్తే, ముందు ముందు మెదడు జబ్బు వచ్చినా అడిగే హక్కు పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు అకాడమీలో నాలుగేళ్లుగా ఫీజు కట్టి బాక్సింగ్ నేర్పిస్తున్నాం. రెండు నెలల క్రితం ఒక పోటీలో తలకు గట్టి దెబ్బ తగిలి రెఫరీ బౌట్ (పోరు) ఆపేశారు. పన్నెండు రోజులకే కోచ్ మళ్లీ స్పారింగ్ (సాధన కోసం ఎదురెదురుగా తలపడడం) చేయించారు. ఆ రోజు రాత్రి వాంతులయ్యాయి. అప్పటి నుంచి తరచూ తలనొప్పి అంటోంది, చదివింది గుర్తుండడం లేదు. కోచ్‌ని అడిగితే బాక్సింగ్‌లో ఇవన్నీ మామూలేనన్నారు. ఇప్పుడు వచ్చే ఏడాది శిక్షణ కోసం ‘ఏ గాయానికైనా, మరణానికైనా అకాడమీకి పూచీ లేదు’ అన్న హామీపత్రంపై మా ఇద్దరి సంతకాలు, అమ్మాయి సంతకం అడుగుతున్నారు. తలదెబ్బల వల్ల అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మెదడు జబ్బు వచ్చిందని, కోర్టులో పరిహారం పొందారని చదివాం. సంతకం చేస్తే మేము తర్వాత ఏమీ అడగలేమా?

జవాబు: చట్టం సంగతికి ముందు అమ్మాయి సంగతి చెప్పాలి. తలకు దెబ్బ తగిలాక వాంతులు కావడం, వారాల తరబడి తలనొప్పి, మతిమరుపు ఉండడం కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు లోనై దాని పనితీరు దెబ్బతినడం) లక్షణాలు కావచ్చు కనుక వెంటనే న్యూరాలజీ వైద్యుడికి చూపించండి. లక్షణాలన్నీ తగ్గి, వైద్యుడు రాతపూర్వకంగా అనుమతించే వరకు ఆమెను స్పారింగ్‌కు పంపవద్దు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో నమోదై ఉన్నాయి. హామీపత్రం గురించి నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఈ పని మాత్రం వాయిదా వేసేది కాదు.

మీరు చదివిన జబ్బును సీటీఈ, అంటే క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ అంటారు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే తడబాటును, మతి మందగించడాన్ని వర్ణించారు. 2002లో పిట్స్‌బర్గ్‌లో మరణించిన అమెరికన్ ఫుట్‌బాల్ (ఒకరినొకరు ఢీకొంటూ ఆడే ఆట, మన ఫుట్‌బాల్ కాదు) ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును బెనెట్ ఒమాలు అనే వైద్యుడు పరీక్షించాక ఈ విషయం ఆ ఆట రంగాన్ని కుదిపేసింది. ఒకటి రెండు దెబ్బలకే ఈ జబ్బు వస్తుందని భయపడనక్కరలేదు. ఏళ్ల తరబడి పదే పదే తగిలిన దెబ్బలతో, అప్పటికప్పుడు ఏ లక్షణమూ చూపని చిన్న దెబ్బలతో సహా, దీనికి సంబంధం ఉందని పరిశోధకులు చెబుతున్నారు. అయితే మెదడులో టావ్ అనే ప్రొటీన్ ఒక ప్రత్యేకమైన తీరులో పేరుకుపోయిందని నిర్ధారించడం నేటికీ మరణానంతర పరీక్షతోనే సాధ్యం. బతికి ఉన్నవారి విషయంలో వైద్యులు లక్షణాలను బట్టి అంచనా మాత్రమే వేయగలరు. దెబ్బ తగిలేది పదహారో ఏట, జబ్బు బయటపడేది బహుశా నలభై దాటాక, రుజువు దొరికేది మరణం తర్వాత. మీ ప్రశ్నలోని న్యాయపరమైన చిక్కు అంతా ఇక్కడే ఉంది.

ఇక సంతకం విషయానికి వస్తే, భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనర్ చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో, అప్పట్లో మన దేశపు కేసులకు తుది అప్పీలు కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది, నేటికీ అదే సూత్రం అమల్లో ఉంది. కనుక మీ అమ్మాయి సంతకానికి ఒప్పందంగా విలువ లేదు. ఆమె తరఫున మీరు చేసే సంతకం మాటేమిటని మీకు అనుమానం రావచ్చు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956, 8వ సెక్షన్ సహజ సంరక్షకులకు మైనర్ మేలు కోసం పనులు చేసే అధికారం ఇస్తూనే, వ్యక్తిగత ఒడంబడికతో మైనర్‌ను ఏ పరిస్థితిలోనూ కట్టడి చేయరాదని స్పష్టంగా చెబుతోంది. అంటే ఆ చట్టం వర్తించే కుటుంబాల్లో, నిర్లక్ష్యం వల్ల కలిగిన గాయానికి పరిహారం అడిగే బిడ్డ హక్కును తల్లిదండ్రులు వదులుకున్నా అది బిడ్డను బంధించదని బలంగా వాదించవచ్చు. మీరు ఖర్చుపెట్టిన వైద్యం సొమ్ము కోసం మీ పేరున వేసే దావాలో మాత్రం ఆ కాగితాన్ని మీకు వ్యతిరేకంగా చూపిస్తారు. అప్పుడు కూడా, బేరమాడే అవకాశమే లేని బలహీన పక్షం మీద రుద్దిన అన్యాయమైన షరతు కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ప్రజాహితానికి విరుద్ధమని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఆధారం చేసుకోవచ్చు. అది ఉద్యోగ ఒప్పందానికి సంబంధించిన తీర్పు కనుక మీ కేసుకు దానంతటదే వర్తించదు, అన్వయించి వాదించాలి.

అకాడమీ తరఫు న్యాయవాది కాగితాన్ని పక్కనపెట్టి, ‘తెలిసి ఆడింది కదా’ అన్న వాదన ఎత్తుకుంటారు. ఆ వాదనలో కొంత నిజముంది. భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్, ఇద్దరు వినోదానికి కత్తిసాము చేసుకోవడానికి ఒప్పుకుంటే, మోసం లేకుండా ఆడుతుండగా తగిలిన దెబ్బ నేరం కాదని ఉదాహరణతో సహా చెబుతోంది. కానీ అదే సెక్షన్ 18 ఏళ్లు దాటినవారి సమ్మతి గురించి మాత్రమే మాట్లాడుతోందని గమనించండి. పైగా సమ్మతి అనేది ఆటలో సహజంగా ఉండే ప్రమాదానికే పరిమితం. ఎదుటి అమ్మాయి నియమాల ప్రకారం విసిరిన పంచ్‌కు మీ కూతురు ఒప్పుకుందనవచ్చు. తల దెబ్బకు బౌట్ ఆగిన పన్నెండు రోజులకే, వైద్యుడికి చూపించకుండా మళ్లీ స్పారింగ్ చేయించడానికి ఒప్పుకుందని అనలేరు. తల దెబ్బతో బౌట్ ఆగితే కొన్ని వారాల పాటు పోటీకీ స్పారింగ్‌కూ దూరంగా ఉంచడం బాక్సింగ్ వైద్య నియమాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. కోచ్‌కు తన ఆట నియమం తెలియదని చెప్పుకునే వీలుండదు. హెడ్‌గార్డ్ ఉందిగా అని అంటే, అది చర్మం చిట్లకుండా కాపాడుతుందే కానీ పుర్రె లోపల మెదడు కుదుపును ఆపలేదని వైద్యుడి చేత చెప్పించవచ్చు.

ఈ అంశంపై బ్రిటన్‌లో ఒక ముఖ్యమైన తీర్పు ఉంది. 1991లో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో తలపడిన మైకేల్ వాట్సన్ మెదడులో రక్తస్రావమై వికలాంగుడయ్యారు. దెబ్బ తినడానికి ఆయన ఒప్పుకున్న మాట నిజమే అయినా, రింగ్ పక్కనే తక్షణ ప్రాణరక్షణ చికిత్స అందేలా చూసే బాధ్యత బాక్సింగ్ నియంత్రణ మండలిదేనని 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. మన కోర్టులకు అది శిరోధార్యం కాదు గానీ, బలమైన ఆసరాగా చూపించవచ్చు. అది ఒక రాత్రిలో జరిగిన గాయమని, మీరు భయపడుతున్నది దశాబ్దాల తర్వాత వచ్చే జబ్బు అని మాత్రం మరవకండి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీరు ఫీజు కట్టారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. విద్యాసంస్థలు, అవి నడిపే ఆటపాటలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2020లో మను సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పినా, కోచింగ్ సంస్థలను ఆ మినహాయింపు నుంచి తప్పించింది. కనుక ఫీజు తీసుకునే ప్రైవేటు అకాడమీపై సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కాలపరిమితి రెండేళ్లు. ఉచితంగా నడిచే ప్రభుత్వ శిక్షణ కేంద్రమైతే ఈ దారి ఉండదు, సివిల్ కోర్టులో నిర్లక్ష్యంపై దావా వేయాలి. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తేవడాన్ని నేరంగా చెప్పే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదుకూ ఆస్కారం ఉంది కానీ, వైద్యుడి నివేదిక చేతికి రాకముందే ఆ తొందర పనికిరాదని నా అభిప్రాయం. కోచ్‌ను స్టేషన్‌కు పిలిపించాలన్న కోపం అర్థం చేసుకోదగినదే అయినా, అరకొర ఆధారాలతో పెట్టిన కేసు వీగిపోతే తర్వాతి దావాకూ అది చేటు చేస్తుంది.

అమెరికా ఆటగాళ్లకు పరిహారం అందిన మాట నిజమే. 2011లో మొదలైన దావాలు ఒకటై, 2015 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు ఆమోదించిన ఒప్పందం కింద వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లింపులు జరిగాయి. కానీ ఆ ఒప్పందంలో ఆ ఫుట్‌బాల్ పోటీలు నడిపే లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) తన తప్పు ఒప్పుకోలేదు. బతికి ఉన్న ఆటగాళ్లకు డిమెన్షియా, పార్కిన్సన్స్ వంటి నిర్ధారిత జబ్బులకే డబ్బు ఇచ్చారు. మరణానంతరం సీటీఈ తేలిన కేసుల్లో, ఒప్పందానికి ఆమోదం లభించిన తేదీకి ముందు చనిపోయినవారి కుటుంబాలకే ఆ పద్దు కింద సొమ్ము దక్కింది. 2022లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ గీ అనే మాజీ కళాశాల ఆటగాడి భార్య వేసిన దావాలో, ఆయన మెదడులో సీటీఈ కనిపించినా, కళాశాల క్రీడల సంస్థ నిర్లక్ష్యం చేయలేదని జ్యూరీ తేల్చింది. జబ్బు ఉందని రుజువు చేయడం వేరు, ఫలానా వారి ఫలానా తప్పు వల్ల వచ్చిందని రుజువు చేయడం వేరు. మధ్యలో మద్యం, రోడ్డు ప్రమాదం, వంశపారంపర్యం, వేరే అకాడమీలో తిన్న దెబ్బలు అన్నీ వచ్చి నిలబడతాయి.

మన దగ్గర దీనికి కాలపరిమితి చిక్కు కూడా తోడవుతుంది. ఇప్పటి గాయానికి సంబంధించి, కాలపరిమితి చట్టం 6, 8 సెక్షన్లు, 113వ ఆర్టికల్ కలిపి చదివితే, మీ అమ్మాయికి 18 ఏళ్లు నిండాక మూడేళ్ల వరకు, అంటే 21 ఏళ్లు నిండేలోపు సివిల్ దావా వేసుకోవచ్చు. అంతవరకు ఆగనక్కరలేదు, ఆమె తరఫున మీరు ఇప్పుడే వేయవచ్చు. దశాబ్దాల తర్వాత జబ్బు బయటపడితే, నష్టం వాస్తవంగా కలిగినప్పటి నుంచే గడువు లెక్కించాలని 23వ సెక్షన్ ఆధారంగా వాదించే వీలుంది. దెబ్బ తగిలిన రోజే హక్కు పుట్టిందని, గడువు ఎప్పుడో ముగిసిందని అవతలివారు వాదిస్తారు. ఆ పోరాటంలో గెలిచినా, ఇరవై అయిదేళ్ల నాటి దెబ్బకు ఆధారం చూపించాలి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను వైద్యులు మూడేళ్లు భద్రపరిస్తే చాలు. అంటే ఇప్పుడు మీరు తీసుకోని కాగితం, అమ్మాయి ఇరవయ్యో ఏట కూడా దొరకకపోవచ్చు. అదే నిబంధనల కింద, మీరు అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి కూడా, కనుక ఓపీ చీటీ నుంచి స్కాన్ వరకు అన్నీ ఇప్పుడే తీసుకోండి.

వాటితో పాటు ఆ పోటీలో బౌట్ ఎందుకు ఆగిందో తెలిపే ఫలితాల పత్రం, బాక్సర్ రికార్డు పుస్తకంలో ఆ పేజీ నకలు, ఫీజు రసీదులు దగ్గర పెట్టుకోండి. స్పారింగ్‌కు రమ్మని కోచ్ పెట్టిన వాట్సాప్ సందేశాలుంటే ఆ ఫోన్‌ను అమ్మేయకండి, మార్చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రంతో వాటిని కోర్టులో దాఖలు చేయవచ్చు. రెండు దెబ్బల తేదీలు, ఆ తర్వాతి లక్షణాలు, వైద్యుడి రాతపూర్వక అనుమతి లేకుండా ఆమెను రింగ్‌లోకి దింపవద్దన్న మీ కోరిక రాసి అకాడమీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు భద్రపరచండి. ఆ ఉత్తరం అందాక కూడా వారు స్పారింగ్ చేయిస్తే, తెలియక చేశామని చెప్పుకునే దారి మూసుకుపోతుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లోనే, కంకషన్ అనుమానం వచ్చిన పిల్లలను ఆట నుంచి తప్పించాలని, వైద్యుడి లిఖిత అనుమతి లేకుండా తిరిగి దింపరాదని చట్టం చేసింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు కనుక, ఆ పనిని కొంతవరకు మీ ఉత్తరమే చేయాలి.

హామీపత్రంపై సంతకం తప్పనిసరి అంటే, ఆటలో సహజంగా ఉండే ప్రమాదం తెలుసునన్న వాక్యాన్ని ఉంచి, పూచీ లేదన్న వాక్యాన్ని కొట్టివేసి, ‘అకాడమీ లేదా దాని సిబ్బంది నిర్లక్ష్యానికి ఇది వర్తించదు’ అని చేతితో రాసి, పక్కనే సంతకం, తేదీ వేసి, నకలు తీసుకోండి. వారు దానికి ఒప్పుకోక, అమ్మాయిని చేర్చుకోబోమని అంటే, కారణం రాసి ఇమ్మని అడిగి, అంతవరకు కట్టిన ముందస్తు ఫీజు ఉంటే వెనక్కి ఇమ్మని అదే ఉత్తరంలో కోరండి.