రోజూ షేవింగ్‌తో మెడ మీద పొక్కులు: సమాధానం

తమ్ముడూ, మెడికల్ రెప్ ఉద్యోగం కోసం రోజూ నున్నగా గీసుకుంటున్నానని, మెడ మీద ఎర్రటి పొక్కులు లేచి కాలర్ తగిలితే మండుతోందని రాశావు. అవి మొటిమలు కాకపోవచ్చు. వంకీలు తిరిగే వెంట్రుకను మరీ లోతుగా కోస్తే దాని మొన మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. నాలుగైదు బ్లేడ్ల రేజర్లతో ఇది ఎక్కువ.

ముందు ఆ రేజర్ పక్కన పెట్టు. పొక్కులు తగ్గేదాకా ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించు. ఇస్త్రీ చొక్కా మీద అది శుభ్రంగానే కనిపిస్తుంది, డాక్టర్లెవరూ తప్పుపట్టరు. తర్వాత ఒకే బ్లేడు రేజర్‌కి మారు. స్నానం అయ్యాక గీసుకో, వెంట్రుక మెత్తబడి ఉంటుంది. మెడ మీద వెంట్రుకలు ఒక్కోచోట ఒక్కో వైపు పెరుగుతాయి. వేళ్లతో తడిమి చూసి ఆ వాలులోనే గియ్యి. చర్మం సాగదీయకు. సెలూన్‌కి వెళ్తే కొత్త బ్లేడు నీ ఎదుటే వేయమను, మొహమాటం వద్దు.

పటికతో చిన్న గాట్ల రక్తం ఆగుతుంది గానీ ఈ పొక్కులు మానవు. గిల్లితే నల్లమచ్చలు పడతాయి. చీము పట్టినా, గట్టి గడ్డలు కట్టినా చర్మవైద్యుణ్ణి కలువు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము మాత్రం పూసుకోకు, కొన్నాళ్లకు చర్మం పలచబడుతుంది.