పాత కాగితంలోని జర్మన్ ఊరు మ్యాప్‌లో కనిపించకపోతే ఏం చేయాలి?

మీ ఆయన ముత్తాత ఊరు మ్యాప్‌లో లేదు, డబ్బులిచ్చి ఎవరితోనైనా వెతికించాలా అని అడిగారు. అప్పుడే పర్సు తీయకండి. 1945 తర్వాత తూర్పు వైపు జర్మన్ ఊళ్లు చాలావరకు పోలండ్‌లోకి, కొన్ని రష్యాలోకి పోయి పేర్లు మారాయి. 1912 నాటి మాయర్స్ గెజెటీర్, అంటే ఊళ్ల పేర్ల నిఘంటువు, చూడండి. అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోని రెండు లక్షల పైచిలుకు ఊళ్లు, చిన్నచిన్న పల్లెలతో సహా అందులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఉచితం.

మా అత్తగారు జర్మన్. వాళ్ల తాత పెళ్లి కాగితంలో పుట్టిన ఊరు నాయ్‌డార్ఫ్ అని ఉంది. గెజెటీర్ తెరిస్తే ఆ పేరుతో ఊళ్లు వరసపెట్టి వచ్చాయి. పైగా కాగితంలోది పాత కుర్రెంట్ చేతిరాత, 'ఎన్' ఏదో 'ఇ' ఏదో తెలిసి చావదు. అత్తగారికీ చదవడం రాలేదు. నేను ఊరి పేరు వదిలేసి, దాని పక్కన కుక్కి రాసిన క్రైస్ పేరు, అంటే జిల్లా పేరు, కూడబలుక్కున్నాను. అంతే, ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉన్న సైలీషియాలో ఒక్క నాయ్‌డార్ఫ్ మిగిలింది. దాని వివరాల్లో ష్టాండెస్‌ఆమ్ట్‌కి వాడే పొట్టి అక్షరాలు, వాటి పక్కనే ఇంకో ఊరి పేరు. జననాలు నమోదు చేసే ఆఫీసు ఆ ఊళ్లో ఉందన్నమాట. అత్తగారు స్క్రీన్ మీద వేలు పెట్టి, "మా తాత గుర్రాన్ని కొన్న ఊరు ఇదే!" అన్నారు. చిన్నప్పుడు విన్న కథట. నాకు చెప్పనే లేదు!

ఆ సామ్రాజ్యంలోని అతి పెద్ద రాజ్యం ప్రష్యాలో ఈ ఆఫీసులు 1874లో మొదలయ్యాయి. అంతకు ముందువాటికి చర్చి పుస్తకాలే గతి. ఊళ్లో చర్చి లేకపోతే ఏ చర్చి కిందికి వస్తుందో మాయర్స్ చెప్పదు. దానికి 1905 జనాభా లెక్కల మీద తయారైన ప్రష్యా గెమైండెలెక్సికాన్, అంటే ఊళ్ల వివరాల పుస్తకం, చూడాలి. అందులో ప్రొటెస్టెంట్లకు, కాథలిక్కులకు విడివిడిగా ఉంటుంది.

ఇంటిపేరు పట్టుకుని వెతికేవాళ్లు మాత్రం జన్మలో తేలరు. డబ్బు కట్టే సైట్లలో వంశవృక్షాలు చూడండి, అదే పేరున్న ఎవరినో ఒకరు అతికిస్తారు, మిగతావాళ్లు కాపీ కొడతారు. ఒకాయన మా అత్తగారి తాతని సాక్సనీలో పుట్టించేశాడు. కాగితం స్కాన్ పంపినా మార్చడు, పైగా తన చెట్టులో ఇంకా ఎక్కువమంది ఉన్నారని గొప్ప!