కాంటోనీస్‌లో "అయితే నాకేంటి?" అని మొహమ్మీదే ఎలా అంటారు?

హాంకాంగ్ ఆఫీసులో ఫ్రెండ్స్ మధ్య "అయితే నాకేంటి" అనడానికి ఏ మాట వాడాలని అడిగారు. మీరు వెతుకుతున్నది "క్వాన్ ఙో మె సీ". నాకేం సంబంధం అని. ఙో అంటే నేను. మన అక్షరమాలలో ఊరికే పడి ఉండే ఙ ఇక్కడ రోజంతా పని చేస్తుంది (చాలామంది దాన్నీ మింగేసి "ఓ" అంటారనుకోండి). చివరి "సీ"ని గొంతు తగ్గించి, చదునుగా అనాలి. పైకి లేపారా, మలం అనే అర్థం వచ్చి కూర్చుంటుంది.

లంచ్‌కి దిగుతుంటే లిఫ్టులో మా టీమ్ అమ్మాయి, ఫలానా ఆయన వేరే డిపార్ట్‌మెంట్‌కి పోతున్నాడట అంది. పక్కనున్నామె ఫోన్లోంచి తలెత్తకుండా "క్వాన్ ఙో మె సీ" అనేసింది. ఇద్దరూ కలిసే భోజనానికెళ్ళారు. మేనేజర్ ముందు ఎవరూ ఈ మాట అనరు. ఆయన అటు వెళ్ళగానే ధారాళంగా వినిపిస్తుంది.

ఇంకా ఘాటు కావాలంటే "మె" తీసి "క్వై" పెడతారు, అంటే దెయ్యం. బూతులు దూరేదీ ఆ సందులోనే. అవి నేర్పడానికి మీ కొలీగ్సే పోటీపడతారు, నేను రాయను. "ఙో" బదులు "నేయ్" పెడితే "నీకెందుకు?" అవుతుంది. అసలా మనిషినే లెక్కచేయనని చెప్పాలంటే "లేయ్ తక్ నేయ్", నువ్వేమైపోతే నాకేం అన్నట్టు. దీన్ని బాగా దగ్గరివాళ్ళతో తప్ప అనకండి.

నన్నడిగితే వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది "సీ తాన్", ఏదో ఒకటి. ఎక్కడ తిందామంటే "సీ తాన్ లా" అని సాగదీస్తే సరి. మర్యాదగా అయితే "మోవ్ సో వై", ఏదైనా పర్లేదు. కానీ ఛా ఛాన్ థెంగ్‌లో, అంటే అక్కడి టీ హోటల్లో, జాగ్రత్త. వెయిటర్ చీటీ మీద పెన్ను ఆనించి "తుంగ్ తింగ్ యిత్?" అంటాడు, చల్లదా వేడిదా అని. చల్లదానికి మామూలుగా రెండు మూడు హాంకాంగ్ డాలర్లు ఎక్కువ. అక్కడ "సీ తాన్" అంటే ఆయన పెన్ను కదలదు, చూపు మాత్రం మీ మీద నుంచి కదలదు.

ఇక బిల్డింగ్‌లో పెద్దవాళ్ళు పక్కింటి గొడవలోకి లాగితే పైవేవీ వద్దు. నేను "మ్ చీ ఆ", తెలీదండీ, అని లిఫ్ట్ బటన్ నొక్కేస్తాను.