అర్థం ఒక్కటే నేర్చుకుంటే జర్మన్ పదం సగమే వచ్చినట్టు

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ జర్మన్ నేర్చుకుంటోంది. మొదటి రెండు స్థాయిలు ఏ1, ఏ2 గట్టెక్కింది. గోథే సంస్థ పెట్టే మూడో స్థాయి బీ1 పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడం పాసైంది, రాయడం ఒక్కటే పోయింది. వేల పదాలు బట్టీపట్టినా నామవాచకం ముందు దాని లింగాన్ని బట్టి పెట్టే డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం) దగ్గర తడబడుతోంది. ‘నాకీ భాష రాదు నాన్నా’ అంటోంది. జర్మన్ మానిపించి గల్ఫ్ ప్రయత్నాలు మొదలుపెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే మానిపించకండి. నాలుగింటిలో మూడు పాసైన పిల్లకి భాష రాదనడం అన్యాయం. గోథే బీ1లో నాలుగు భాగాలూ వేటికవే. ఒక్కోదానిలో నూటికి 60 రావాలి. పోయిన భాగం ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు, నాలుగూ రాయక్కర్లేదు. రాతలో మార్కులు కూడా ఒక్క వ్యాకరణానికే వేయరు. అడిగిన విషయం రాశారా, వాక్యాలకి ఒకదానితో ఒకటి పొందిక ఉందా, పదాలు తగినవేనా, వాక్యనిర్మాణం సరిగ్గా ఉందా అని నాలుగు వైపుల నుంచి చూస్తారు. డేర్, డీ, డాస్ తప్పులు దెబ్బకొట్టేది ముఖ్యంగా చివరిదాన్ని. కాబట్టి లింగం దగ్గరే పరీక్ష పోయిందని తీర్మానించుకోకుండా, అమ్మాయి రాసిన నమూనా ఉత్తరాలు నాలుగైదు టీచరు ముందు పెట్టి, ఎక్కడ మార్కులు పోతున్నాయో అడగమనండి.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ‘వేల పదాలు బట్టీపట్టినా’ అన్న మాట. నోటుబుక్కులో ఎడమపక్క జర్మన్ మాట, కుడిపక్క ఇంగ్లీషు అర్థం రాసుకుని వల్లెవేసే పిల్లల్ని చాలామందిని చూశాను. జర్మన్ నామవాచకానికి ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడి నుంచి మీ అమ్మాయినే చదవమనండి.

అమ్మా, మన తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది. మగవాడు వచ్చాడు, ఆవిడ వచ్చింది, బస్సూ వచ్చింది. ఆలోచించుకోకుండానే నోటికొస్తుంది. అందుకే జర్మన్ మాట కనబడగానే ‘ఇది డేర్ ఎందుకైంది, డీ ఎందుకు కాలేదు’ అని మనసు కారణం వెతుకుతుంది. చాలా మాటలకి అర్థంలో ఆ కారణం దొరకదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుని ఉంటే ఇది నీకు కొత్త కాదు. భార్య అనే అర్థమిచ్చే మాటల్లో ‘భార్యా’ స్త్రీలింగం, ‘దారాః’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం. మనిషి ఒక్కతే, లింగం మాత్రం మాటది. జర్మన్‌లో అమ్మాయిని ‘డాస్ మేట్‌షెన్’ అని నపుంసకలింగంలో చెప్పడమూ అలాంటిదే. చిన్నదనాన్ని సూచించే ‘షెన్’ ప్రత్యయం చివర చేరితే ఏ మాటైనా డాస్ అయిపోతుంది.

అలా మాట చివరను చూసి చెప్పగలిగేవి నీ వృత్తిలో బోలెడున్నాయి. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, ట్సియోన్ అనే ప్రత్యయాలతో ముగిసేవి డీ. చికిత్స బెహాండ్లుంగ్, రోగిని పరీక్షించడం ఉంటర్‌జూఖుంగ్, టీకా ఇంప్‌ఫుంగ్, జబ్బు క్రాంక్‌హైట్, ఆపరేషన్ ఓపెరాట్సియోన్. అన్నీ డీ. ఇక సమాసాలు చూస్తే భయపడతావు గానీ, నిజానికి అవే తేలిక. చివరి మాట లింగమే మొత్తానికి లింగం. రక్తం డాస్ బ్లూట్, ఒత్తిడి డేర్ డ్రుక్. రెండూ కలిస్తే రక్తపోటు డేర్ బ్లూట్‌డ్రుక్. ఆస్పత్రి క్రాంకెన్‌హౌస్ డాస్ ఎందుకంటే హౌస్ డాస్ కాబట్టి. ఈ రెండు సూత్రాలకీ లొంగని మాటల్నే ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ జాబితా నువ్వు అనుకుంటున్నంత పొడవు ఉండదు.

ఒక్క మాట తీసుకుని ఎలా నేర్చుకోవాలో చూద్దాం. ఫెర్బాంట్. నీ నోటుబుక్కులో దీని పక్కన ‘బ్యాండేజ్’ అని ఉండి ఉంటుంది. డూడెన్ నిఘంటువు తెరిస్తే ఆ మాట తర్వాత డేర్ అని, ఆ తర్వాత షష్ఠీ విభక్తిలో చేరే ప్రత్యయం, ఆపైన బహువచనం ఫెర్బెండె అని వరసగా ఉంటాయి. అర్థం వీటన్నిటి తర్వాతే వస్తుంది. నువ్వూ ఆ వరసలోనే నేర్చుకో. అర్థాలు కూడా ఒకటి కాదు. గాయానికి కట్టే కట్టు ఒకటి, సంఘాల సమాఖ్య మరొకటి, సైనిక దళం ఇంకొకటి. వార్డులో నీకు మొదటిది చాలు, కానీ పేపర్లో రెండోదే ఎక్కువ కనబడుతుంది. బీ1 తర్వాతి స్థాయి బీ2 పాఠాల్లో ఆ అర్థంతో ఎదురైతే తికమకపడకు.

అంతకంటే ముఖ్యం, ఆ మాటతో ఏ క్రియ జతకడుతుందన్నది. తెలుగులో కట్టు కడతాం, మందు రాస్తాం, సూది వేస్తాం, సెలైన్ ఎక్కిస్తాం. ఇవి తారుమారైతే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో నీకు తెలుసు. జర్మన్‌లో కట్టు కట్టడానికి ఫెర్బాంట్‌తో ‘ఆన్‌లేగెన్’, మార్చడానికి ‘వెక్సెల్న్’, విప్పడానికి ‘ఆబ్‌నేమెన్’ వస్తాయి. డీడబ్ల్యూడీఎస్ అనే ఉచిత నిఘంటువు నెట్లో ఉంది. ఏ మాటతో ఏవి తరచుగా కలిసి వస్తాయో అందులో చూపిస్తారు. నీకు అర్థం చెప్పే యాప్‌కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

ఇప్పుడు వాక్యంలో పెట్టు. ‘కట్టు మారుస్తున్నాను’ అంటే ‘ఇష్ వెక్స్‌లె డేన్ ఫెర్బాంట్’. డేర్ కాస్తా డేన్ అయింది చూడు. ద్వితీయా విభక్తిలో, ఏకవచనంలో, రూపం మారేది పుంలింగం ఒక్కటే. డీ డీగానే, డాస్ డాస్‌గానే ఉంటాయి. కాబట్టి పట్టిక మొత్తం కంఠస్థం చేసేకంటే ముందు నీ వార్డు మాటల్లో డేర్ ఏవో గట్టిగా పట్టుకో, సగం తప్పులు అక్కడే ఆగుతాయి. వాటిలో మొదటిది డేర్ పాట్సియెంట్. ఆ మాటకి ఏకవచనంలో కర్త స్థానంలో తప్ప మిగతా విభక్తులన్నిటిలో చివర ‘ఎన్’ చేరుతుంది. ‘పేషెంటుకి కట్టు కడుతున్నాను’ అంటే ‘ఇష్ లేగె డేమ్ పాట్సియెంటెన్ ఐనెన్ ఫెర్బాంట్ ఆన్’. ఈ ఒక్క వాక్యం నోటికి పట్టిందంటే ‘కి’ ఎక్కడ, ‘ని’ ఎక్కడ అన్నది తేలిపోతుంది. రోజూ పది కొత్త మాటలకంటే ఇలాంటి వాక్యాలు మూడు మేలని నా గట్టి నమ్మకం. గోథే సంస్థ బీ1 పదాల జాబితా ఉచితంగా ఇస్తుంది. అందులో నామవాచకానికి ఆర్టికల్ (అదే డేర్, డీ, డాస్), బహువచనం, ఉదాహరణ వాక్యం ఉంటాయి. నీ నోటుబుక్కుని ఆ నమూనాలో తిరగరాయి.

‘ఆర్టికల్ తప్పినా జర్మన్ వాళ్ళకి అర్థమైపోతుంది, వదిలేయ్’ అనే సలహా నీకు చాలామంది ఇస్తారు. మాట్లాడేటప్పుడు అది నిజమే. ‘డాస్ ఫెర్బాంట్’ అన్నావని డాక్టరు ఆగిపోడు. అసలు ఫెర్బాంట్ అన్న మాటే తట్టకపోతేనే పని ఆగుతుంది. అందుకని నోటితో చెప్పేటప్పుడు లింగం కోసం మధ్యలో ఆగకు, సాగిపో. కాగితం మీద మాత్రం వదలొద్దు. కొన్నిచోట్ల లింగం మారితే అర్థమే మారుతుంది. డేర్ కీఫర్ అంటే దవడ, డీ కీఫర్ అంటే పైన్ చెట్టు. డాస్ గెహాల్ట్ జీతం, డేర్ గెహాల్ట్ అంటే ఒక పదార్థంలో ఫలానాది ఎంత ఉందన్నది. ఉద్యోగంలో చేరాక పేషెంటు రికార్డు రాయాల్సిందీ నువ్వే. పరీక్షలో చివరి ఐదు నిమిషాలు ఉంచుకుని, రాసిన ప్రతి నామవాచకం కింద వేలు పెట్టి, ఇది డేరా డీనా డాసా, వాక్యంలో కర్తా కర్మా అని ఒక్కసారి సరిచూసుకో. జర్మన్‌లో నామవాచకాలన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు.

మళ్ళీ మీకు. గల్ఫ్‌కి వెళ్ళడం తక్కువేమీ కాదు, అక్కడ నర్సు లైసెన్సు కోసం రాసే ప్రొమెట్రిక్ పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, మన పిల్లలు ఎందరో వెళ్ళి బాగా స్థిరపడ్డారు. అయితే ఆ నిర్ణయం ఒక రాత పరీక్ష పోయిన బాధలో తీసుకోవద్దంటున్నాను. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 అడుగుతారు. బీ1తో పని అయిపోదని ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి, డబ్బూ సమయమూ రెండూ. ఈలోపు ఆమెని హాస్టల్ గదిలో పుస్తకాలతో మాత్రమే ఉంచకండి. హైదరాబాద్‌లోనే ఏదైనా ఆస్పత్రిలో డ్యూటీ చేస్తూ చదువుకోమనండి. చదువయ్యాక పని అనుభవంలో ఖాళీ వస్తే జర్మనీకైనా గల్ఫ్‌కైనా ఇంటర్వ్యూలో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా డ్యూటీలో కట్టు మార్చిన ప్రతిసారీ మనసులో ఆ జర్మన్ వాక్యం ఒకసారి అనుకోవచ్చు. రాత మాడ్యూల్‌కి మళ్ళీ ఎప్పుడు ఫీజు కట్టాలన్నది మాత్రం మీరు కాదు, ఆమే చెప్పాలి. నమూనా ఉత్తరాలు వరసగా రెండు మూడు సార్లు 60 దాటుతున్నాయని టీచరు అన్నాకే ఫీజు కట్టండి.