సవర కుర్రాడి పేరు మీద మూడెకరాలు

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. గుణుపురంలో మాది కిరాణా కొట్టు. మాకు బాకీ ఉన్న సవర రైతు ఒకాయన మూడెకరాల జీడితోట అమ్ముతానంటున్నాడు. గిరిజనుల భూమి మేము కొనకూడదు కాబట్టి, కొట్లో పనిచేసే సవర కుర్రాడి పేరున రాయించుకోమని అందరూ చెబుతున్నారు. త్వరలో మా చర్చిలో నన్ను సంఘపెద్దగా ఎన్నుకోబోతున్నారు. కాస్త భూమి ఉంటే మాటకు విలువ ఉంటుంది కదా! ఇది దేవుడు తెరిచిన తలుపేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తలుపు తెరిచింది దేవుడో, మీ బాకీల పుస్తకమో ముందు చూసుకోండి. మీ గుణుపురం ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక చట్టాలున్న చోటు. 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషన్ ప్రకారం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. పేరు మార్చినంత మాత్రాన కొన్నది మీరు కాకుండా పోరు.

నలభై దినాల ఉపవాసం తర్వాత సాతాను యేసుకు లోకరాజ్యాలన్నీ చూపించి, ‘ఈ అధికారం నాకు అప్పగించారు, నాకు ఇష్టమైనవాడికి ఇస్తాను’ అన్నాడని లూకా నాలుగో అధ్యాయం చెబుతుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు బేనామీ కాగితమే గుర్తొస్తుంది. యేసు దస్తావేజు చూపమని అడగలేదు, రాజ్యాలతో చేయగల మేలునూ లెక్కవేయలేదు. సాతాను అడిగిన ధర తనకు ఒక్క మొక్కు. దేవునికి తప్ప మొక్కకూడదన్న ద్వితీయోపదేశకాండపు మాట చెప్పి యేసు ఊరుకున్నాడు. మీ దగ్గర అడుగుతున్న ధర ఆ కుర్రాడి చేత అబద్ధానికి సంతకం పెట్టించడం.

నేనేమీ ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. పాతికేళ్ల కిందట సంఘ కాపరిగా ఉన్నప్పుడు ఇలాంటి స్టాంపు కాగితమే నా ఇంటికీ వచ్చింది. ఎకరన్నర. అడుగున వేలిముద్ర అలుక్కుపోయి ఉంది, సిరా ఆరకముందే ఎవరో లాగేసుకున్నట్టు. పదకొండు రోజులు బీరువాలో దాచాను. మధ్యలో వచ్చిన ఆదివారం ఆ వేలిముద్ర వేసిన రైతు కూర్చునే వైపు చూడకుండానే ప్రసంగం ముగించాను. పన్నెండో రోజు మా ఆవిడ ఆ కాగితాన్ని తెచ్చి నా కంచంలో పెట్టింది. అన్నం వడ్డించలేదు. అప్పుడు వెళ్లి తిరిగి ఇచ్చాను.

పెద్దరికం అంటారా, మా సంఘంలో పెద్దల పని ఎక్కువగా కానుకలు లెక్కపెట్టడం, ఎవరైనా పోతే సమాధి తవ్వించడం. దానికి తోట ఎందుకు?

బాకీని జీడిపిక్కల కాలానికి వాయిదాలు వేసుకోండి. ఆ కుర్రాడి చేత ఇప్పటికే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించి ఉంటే, అది ఈ రోజే అతని చేతికి ఇచ్చేయండి.